వాలులో ఆగిన కాళ్లు

సైకిలు తొక్కేవాడికి పరుగొక లెక్కా అన్నావు చూడు బామ్మర్దీ, ఆ మాట నమ్మే ఇప్పుడు పిక్కలు పట్టుకుని కూర్చున్నాను.

ఇన్నాళ్లూ నేను సైకిలు మీద తిప్పిన కంపెనీ ఉత్తరాలు చేరవేయడానికి వ్యాను కొన్నారు. నాకిక మిగిలింది గేటు కాపలా పనే. దానికి పరుగు పరీక్షట. ఇవాళ తప్పానంటే ఇంటికే.

ఊపిరికేం లోటు లేదు. మా మేనేజరుని వెనక కూర్చోబెట్టుకుని ఎత్తెక్కినా ఆయాసపడను. కానీ సైకిలు మీద నా బరువంతా సీటు మోసేది. పరుగులో అడుగడుక్కీ ఈ బొజ్జంతా వచ్చి మోకాళ్ల మీద పడుతోంది. తొడలకున్న బలం పిక్కలకు లేదని ఈ వయసులో తెలిసింది.

నిన్న సాధన చేస్తుంటే వాలు వచ్చింది. సైకిలు అలవాటుకొద్దీ కాళ్లకు కాస్త విశ్రాంతి ఇచ్చాను. కాళ్లు ఆగాయి, నేను ఆగలేదు. మోకాలికి మందు రాస్తూ మీ అక్క, "బ్రేకు వేయకపోయారా?" అంది. ఆవిడకేం, నవ్వుతుంది. ఉద్యోగం నాది.

ఇప్పుడు మైదానం గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. కుదురుగా ఉండలేక నాలుగుసార్లు లేచాను. ఇక్కడా చివర్లో వాలుంది. అదిగో, "సైకిలు బాబాయ్, మీ వంతే, రండి!" అని పిలుస్తున్నారు. ఈసారి వాలు దగ్గర మాత్రం కాళ్లు ఆపను...