ఇంటింటి నారతో పేనిన చేంతాడు

కర్నూలు జిల్లా, ఆలూరు తాలూకా, ఉప్పుచెలిమ గ్రామంలో నివసించే దావీదురాజు అనే నేను, కీర్తిశేషులు ఓబన్న గారి కుమారుణ్ణి, బి.ఏ., రిటైరైన లెక్కల ఉపాధ్యాయుణ్ణి, వయస్సు అరవై మూడు, నా చేతితో రాసుకుంటున్న వీలునామా ఇది. నేను పుట్టినప్పుడు ఈ ఊరు బళ్లారి జిల్లాలో ఉండేది. నేను కదల్లేదు, జిల్లానే కదిలింది. పాత కాగితాల్లో సందేహం వస్తే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నా బుద్ధి స్థిరంగా ఉంది. నిన్న పొద్దున పంతొమ్మిదో ఎక్కం తడబడకుండా చెప్పుకున్నాను. గుండె బలహీనంగా ఉందని ఆదోని డాక్టరు చెప్పాడు. గుండెకూ ఎక్కాలకూ సంబంధం లేదని కూడా ఆయనే చెప్పాడు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఒకరిద్దరు ప్రయత్నించారు. వారి పేర్లు కింద వస్తాయి.

ఇంతకు ముందు నేను వీలునామా రాయలేదు. నా భార్య విశ్వాసమ్మ నాకంటె తొమ్మిదేండ్లు చిన్నది. ఆమే మిగులుతుందని లెక్క వేసుకున్నాను. లెక్క తప్పింది. 1955 ఏప్రిల్ 19న ఆమె పోయింది.

1. నన్ను ఆమె పక్కన పూడ్చాలి. స్థలం వదిలే ఉంచాను. ప్రసంగం ఇరవై నిమిషాలు దాటరాదు. పాస్టరు గారు మంచివారు, కానీ ఆయనకు గడియారం లేదు. నాది ఆయన ముందు పెట్టాలి, తరువాత అది ఆయనదే. చిన్న ఈరన్న భజన బృందం వస్తామంటే రానివ్వాలి. వారి దేవుడు వేరైనా తాళం సరిగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. సరిగా ఉండదని ముప్పై ఏండ్ల అనుభవం. వచ్చినవారందరికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టాలి. ఏడ్చేవారికి కారం మీద నెపం పెట్టుకునే వీలుంటుంది.

2. ఈ వీలునామా అమలు జరపడానికి ఇద్దరిని నియమిస్తున్నాను. ఒకరు నా కుమార్తె కృపమణి. రెండోవాడు మా పక్క చేను రైతు, పైన చెప్పిన చిన్న ఈరన్న. సాక్షి సంతకం కూడా తనే చేస్తానన్నాడు. సాక్షిగా సంతకం చేసినవారికి వీలునామాలోని ఆస్తి చెందదని చట్టం వివరించాను. సంతకమా, నా పడక కుర్చీయా అని అడిగాను. కుర్చీ అన్నాడు. కుర్చీ అతనికి రాస్తున్నాను.

3. ఇల్లు, దిగువ చేను రెండెకరాలు కృపమణికి. ఆమె కోయిలకుంట్లలో కాపురముంటుంది, ఇల్లు అమ్ముకున్నా నాకు బాధ లేదు. వాళ్లమ్మ బైబిలు కూడా ఆమెకే. అందులో సామెతల గ్రంథం దగ్గర ఎండిన మందార రెక్క ఒకటి, కృపమణి ఆరో తరగతి లెక్కల కాగితం ఒకటి ఉన్నాయి. కాగితంలో మార్కులు పన్నెండు. దిద్దింది నేనే. తొమ్మిదో లెక్క పద్ధతి సరైనదే, జవాబు చూసి కొట్టేశాను. విశ్వాసమ్మ ఆ కాగితం ఎందుకు దాచిందో నాకు చెప్పలేదు. ఇప్పుడు దానికి మూడు మార్కులు కలిపి సంతకం చేశాను.

4. ఎగువ చేను నాలుగెకరాలు, బండి, ఎద్దులు మా అన్న కొడుకు ఏసేపుకు. కష్టజీవి. నన్ను బలవంతపెట్టబోయినవారిలో ఇతను మొదటివాడు. అతనడిగింది ఎగువ చేను కాదు. అది కింద వస్తుంది.

5. మంచినీళ్ల బావి, దాని చుట్టూ ఉన్న అరెకరం, కిత్తనార కంచెతో సహా. ఈ వీలునామా రాస్తున్నది దీని కోసమే.

మా ఊళ్లో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లు. ఇరవై ఏండ్ల కిందట నా చేలో తవ్వితే తియ్యనీళ్లు పడ్డాయి. ఆ నీళ్లు ముట్టడానికి కొన్ని ఇండ్లవారికి రెండేండ్లు పట్టింది. కారణం అందరికీ తెలుసు. వారిలో చాలామంది ఇప్పుడు నా మిత్రులు గనుక రాయను. వారి ఆడవాళ్లు మైలు దూరం పోయి వంక ఇసుకలో చెలిమలు తవ్వుకునేవారు. నేను తర్కించాను, రెండు చరిత్ర పుస్తకాలు ఉదాహరించాను, ఒక్క బిందె కూడా రాలేదు.

విశ్వాసమ్మ తర్కించలేదు. ఇంటింటికీ పోయి పిడికెడు కిత్తనార అడిగింది. నార ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అందరి నారా కలిపి మూడు పురుల చేంతాడు పేని గిలకకు వేసింది. "ఈ తాడులో మీ నార ఉండాది. మీ తాడు మీరు పట్టుకుంటాండారు, నడమ నాదేముండాది" అన్నది. మొదట వచ్చింది ఈరన్న తల్లి మహాదేవమ్మ. బొక్కెన తోడి, కడుపునిండా తాగి, "నా నార యాడుండాదో సూపీమ్మే" అని అడిగింది. విశ్వాసమ్మ తాడు మీద ఒకచోట వేలు పెట్టి చూపించింది. ఎక్కడ పెట్టినా ఒకటేనని మహాదేవమ్మకూ తెలుసు.

అప్పటి నుంచి ఏటా ఒక శనివారం తాడు పండుగ అయింది. ఉగాది, ఈస్టరు, రెండింటిలో ఏది ముందొస్తే దాని ముందటి శనివారం. అరవై నాలుగిండ్లు నార తెచ్చేవి. ఆడవాళ్లు తాడు పేనేవారు, మగవాళ్లు బావిలోకి దిగి పూడిక తీసేవారు, పెద్ద గుండిగలో ఉగ్గాని తయారయ్యేది. కొత్త తాడుతో తోడిన మొదటి బొక్కెన చుట్టూ చేరి ఎవరి మాట వారు అనుకునేవారు. విశ్వాసమ్మ కళ్లు మూసుకునేది. ఈరన్న మూడు చుక్కలు నేల మీద చల్లేవాడు. దూదేకుల ముసలాయన బిస్మిల్లా అనేవాడు. నేను ఏమీ అనేవాణ్ణి కాదు, దప్పికతో ఉండేవాణ్ణి. దేవుణ్ణి గురించి నాకు స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది ఆ నీళ్లు తాగేటప్పుడే, మందిరంలో కాదు. పాస్టరు గారు క్షమించాలి.

ఈ పండుగను చెడగొట్టింది నేను. 1954లో పింఛను పనిమీద ఆదోని పోయి, అంగట్లో ఇనుప గొలుసు చూశాను. పదేండ్లు చెక్కుచెదరదన్నాడు అంగడివాడు. అరవై నాలుగిండ్లకు ఏటా ఒక దినం చొప్పున ఎంత శ్రమ మిగులుతుందో అక్కడే నిలబడి గుణించుకున్నాను. సరిగ్గా తాడు శనివారం నాడే గొలుసుతో ఊళ్లో దిగి, నార చేతబట్టుకొని వచ్చినవారిని ఇండ్లకు పొమ్మన్నాను. చదువుకున్నవాడు మాత్రమే చేయగల తప్పు ఇది. ఈరన్న నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "శనివారం ఇనుము కొనుక్కొస్తాండావా అప్పా? శనిని బండెక్కించుకోనొచ్చినట్ల ఉండాది" అన్నాడు. నేను నవ్వాను. విశ్వాసమ్మ గొలుసు పట్టి చూసి, "ఇనుముకు ఎండ తెలుసు. మీకే తెల్దు" అన్నది.

నెల తిరిగేసరికి పొద్దున తొమ్మిది దాటితే గొలుసు పట్టుకున్న చేతులు బొబ్బలెక్కసాగాయి. ఊరంతా తెల్లవారుజామునే బావి మీద పడింది. బిందెలు తగిలి సొట్టలు పోయాయి, బంధుత్వాలు కూడా. అంతకంటె నష్టం మరొకటి. తాడు పండుగ లేదు గనుక పూడిక తీయడానికి ఎవరూ రాలేదు. నేను పిలిస్తే, కూలికి పోయే హులిగెమ్మ ముఖం మీదే చెప్పింది. "బావి అయివారిది, గొలుసు అయివారిది. పూడిక గూడా అయివారిదే గదప్పా." ఆమె మాటలో నేను తప్పు పట్టలేకపోయాను.

ఇది శనివారం దోషమని ఈరన్న, ఎండ ప్రభావమని నేను నాలుగేండ్లుగా వాదించుకుంటున్నాం. తప్పు నాదే గనుక ఈ వీలునామాతో వాదన ముగిస్తున్నాను. శనివారం కూడా కావచ్చు.

ఏసేపు అడిగింది ఈ బావి. ఆయిల్ ఇంజను పెడతానంటాడు. "చిన్నాయనా, తాగేదానికి ఎన్ని నీళ్లు గావల్ల? మిగిలినయి పారించుకుంటా. ఉల్లిగడ్డ శానా పండుతాది" అంటాడు. మే నెలలో బావిలో మోకాలి లోతు నీళ్లుంటాయి. మిగిలినవి ఏవో మనిషికి తెలుస్తుంది, ఇంజనుకు తెలియదు. కానీ పూడిక తీయని బావిని ఏం చేసుకుంటారని ఏసేపు అడిగితే ఊరి దగ్గర జవాబు లేదు. అందువల్ల ఈ కింది షరతులు.

(అ) బావి, అరెకరం, కంచె ఊరి ఉమ్మడి ఆస్తి. కృపమణి, ఈరన్న, వారి తరువాత పంచాయతీ దానికి ధర్మకర్తలు. ఏ ఇంటివారినీ, ఏ కారణం చేతనూ, తోడుకోవద్దనే అధికారం ఎవరికీ లేదు.

(ఆ) వచ్చే ఏటి నుంచి, నేనున్నా లేకున్నా, పైన చెప్పిన శనివారం నాడు తాడు పేని పూడిక తీయాలి. కనీసం నలభై ఇండ్ల నార ఉండాలి. కంచె లేనివారు నా కంచెలో కోసుకోవచ్చు. కొన్న తాడు చెల్లదు. కొన్నదానితో ఏమవుతుందో పైన రాశాను.

(ఇ) వరుసగా రెండేండ్లు తాడు పేనకపోతే బావి ఏసేపుది. ఇంజను పెట్టుకోవచ్చు. ఊరు నన్ను తిట్టరాదు, అద్దంలో చూసుకోవాలి. అయితే ఏసేపు కూడా ఏటా తన ఇంటి నార తేవాలి. అతను తేని ఏడు లెక్కలోకి రాదు. నాయనా ఏసేపూ, నీ తెలివి నాకు తెలుసు, మన వంశపుదే.

6. మా నడవలో చిలక్కొయ్యకు వేలాడుతున్న చేంతాడు. గొలుసు వచ్చిన మరుసటి ఏడు విశ్వాసమ్మ ఒక్కతే ఇంటింటికీ పోయి నార అడిగి తెచ్చి, జ్వరంతో గోడకానుకొని ఈ తాడు పేనింది. చివరి ముడి వేసిన పదకొండో రోజున పోయింది. పోయిన నెల గొలుసు తెగినప్పుడు ఈరన్న ఈ తాడు అడిగాడు. బలవంతపెట్టబోయినవారిలో రెండోవాడు ఇతనే. ఇవ్వలేదు. తీగ చుట్టి గొలుసు అతికించుకున్నారు. నా తదనంతరం ఈ తాడు బావికి చెందాలి.

7. ఇనుప గొలుసు చిన్న ఈరన్న కోడెకు. ఆ కోడె నా జొన్నచేలో పదకొండుసార్లు మేసింది, ఒక్కసారీ ఈరన్న చూడలేదు. గొలుసు శనివారం తప్ప ఏ వారమైనా తీసుకుపోవచ్చు. నా పులిమేక ఆట రాళ్లు కూడా అతనికే. ఇక నుంచి నేను చూడకుండా పులిని జరపనక్కరలేదు.

8. బావి గట్టు మీద విశ్వాసమ్మ పెట్టుకునే ఇత్తడి చెంబు హులిగెమ్మకు. నిజం చెప్పినందుకు.

పై ఎనిమిది అంశాలు ఈ మధ్యాహ్నం మా నడవలో ఈరన్నకు, సాక్షులిద్దరికి చదివి వినిపించాను. ఆరో అంశం దగ్గర ఈరన్న ఆపాడు. "అది నీదెట్లయితాదప్పా? దాంట్లో మా యమ్మ ఇచ్చిన నార ఉండాది. మాది మాకే రాసిస్తాండావా, అదీ నువ్వు సచ్చినంక?" అన్నాడు. మహాదేవమ్మ పోయి రెండేండ్లు. అతను ఆ తాడు అడిగింది ఎందుకో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇతరుల ఆస్తిని వీలునామాలో రాసే హక్కు ఎవరికీ లేదు. ఆరో అంశం కొట్టివేస్తున్నాను.

తాడును చిలక్కొయ్య మీది నుంచి నేనే దింపాను. నలుగురమూ బావి దగ్గరికి పోయి, గొలుసు తీసి తాడు వేశాం. నీళ్లకు వచ్చి ఉన్న హులిగెమ్మ మొదటి బొక్కెన తోడింది. "మూడేండ్లు ఊరికే యాలాడినా పురి వదల్లేదు సూడు. అక్క చెయ్యి" అన్నది. చెంబుతో నాకు నీళ్లిచ్చింది, తాగాను. ఇందులో నా ఇంటి నార ఎక్కడుందని ఆమెను అడిగాను. తాడు మీద ఒకచోట వేలు పెట్టి చూపించింది.

ఈ వీలునామా తెరిచే నాటికి ఆ తాడు అరిగిపోయి ఉండాలి. దాన్ని జ్ఞాపకంగా ఎవరూ దాచరాదు.

ఉప్పుచెలిమ, 26 ఏప్రిల్ 1958, శనివారం.
శనివారం సంతకం వద్దని ఈరన్న అభ్యంతరం చెప్పాడు. కలం పాళీ ఇనుముదేనట. అభ్యంతరం నమోదు చేసి, సంతకం చేస్తున్నాను.

(సం.) ఓ. దావీదురాజు

మా ఎదుట చదివి, మా ఎదుట సంతకం చేశారు. సాక్షులు:
1. హనుమన్న, పోస్టుమాన్
2. కంబన్న, దర్జీ