తెరచాప కొయ్య

మావా,

నువ్వు వేటకెళ్లి పడవ మీంచి సముద్రంలో జారిపోయి నేటికి ఏడాది. ఈ రోజు మీ అన్న మన పడవకి ఇంజను పెట్టించాడు. ఇక అక్కర్లేదని తెరచాప కొయ్యని ఊడబెరికి మన వాకిట్లో పడేశారు.

ఆ కొయ్య కింద మీరెలా గడిపేవారో నువ్వు చెబుతుంటే నాకు కళ్లతో చూసినట్టే ఉండేది. ఇసుక పోసిన డబ్బాలో పొయ్యి పెట్టి అన్నం వండుకునేవారు. గాలి తగ్గితే, ఉన్న కాస్త గాలినీ తెరచాప పట్టుకునేలా దాని మీద ఉప్పునీళ్లు చల్లేవారు. ఎండ ముదిరితే దాని నీడలోనే వంతులవారీగా కునుకు తీసేవారు.

మీ అన్న గొడ్డలి అందుకున్నాడు. ఆయన ముందు నేనెప్పుడూ నోరెత్తలేదు, నీకు తెలుసు. తలుపు చాటు నుంచి అన్నాను, "అత్తా, ఆ కొయ్య ఒక్కటి ఉంచమను."

"ఉంచితే? మీ ఆయనొచ్చి చాప ఎత్తుతాడా?" అన్నాడు మీ అన్న. ఇంజను బిగించిన వాళ్లంతా నవ్వారు.

"పొయ్యి వెలిగించవే, మనుషులు ఆకలితో ఉన్నారు" అంది అత్త.

ఆ కట్టెల మీదే చేపల పులుసు వండాను. ఉప్పు తాగిన కొయ్య కదా, మంట నీలంగా వచ్చింది. నువ్వు లాగే తాడు ఒరిసి గాడి పడిన ముక్కని అత్త పొయ్యిలో పెట్టకముందే నేనే తోశాను.

మీ అన్న మారు వడ్డించుకున్నాడు. "చూశావా అమ్మా, నోరు విప్పిన రోజే నీ కోడలికి పులుసు కుదిరింది" అన్నాడు.

అందరూ తిన్నాక నేనూ తిన్నాను. నిజంగానే బాగుంది, మావా. రేపు టీ కాచుకోవడానికి కూడా ముక్కలు మిగిలాయి.