తేజు నుంచి జీరోకు గంటలోపే

తిరువూరు

మా హెప్సిబాకు పిన్ని ప్రేమావతి ఆశీస్సులతో,

నువ్వుండే కొండల్లో ఫోను అందదు కాబట్టి రాస్తున్నాను. నీకో మంచి సంబంధం వచ్చింది. పెనుగొలను జోజమ్మ గారి అబ్బాయి ప్రేమ్ కిరణ్. మీ అరుణాచల్‌లోనే, తేజు ఆసుపత్రిలో ఫార్మసిస్టు. నెట్‌లో చూశాను. తేజు విమానాశ్రయం నుంచి మీ జీరో విమానాశ్రయానికి రెండొందల పాతిక కిలోమీటర్లు, విమానంలో గంట కూడా పట్టదట. ఆలోపు మన విజయవాడ బస్సు మైలవరం కూడా చేరదు. ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకోండి, అబ్బాయి రోజూ మధ్యాహ్నం భోజనానికి వచ్చి పోతాడని వాళ్లకు మాటిచ్చేశాను.

నీ మేలు కోరే
పిన్ని

తా.క.: మా అమ్మాయి జీరోలో టీచరని చర్చిలో చెబితే, "జీతం కూడా అంతేనా?" అని అడిగింది పక్కన కూర్చున్న రూత్.

జీరో

ప్రియమైన పిన్నికి,

నెట్‌లో ఉన్నది ఆకాశంలో గీత గీసి కొలిచిన లెక్క. ఎగిరితే గంటే. ఎగరడానికి ఆ రెండూళ్ల మధ్య విమానం లేదు. రోడ్డున రెండు రోజులు, వాన పడితే దేవుడి దయ. ఆయన సోమవారం భోజనానికి బయల్దేరితే బుధవారం వడ్డించాలి. విమానం లేదని వాళ్లకు చెప్పి, ఈ సంబంధం ఇక్కడితో ఆపెయ్యి.

నీ హెప్సిబా

తా.క.: నీ ఉత్తరం కూడా రోడ్డునే వచ్చింది. కవరు నిండా బురద. ఇక మనిషి ఎలా వస్తాడో ఊహించుకో.

తిరువూరు

అమ్మాయ్ హెప్సిబా,

నువ్వు రాసింది రాసినట్టే జోజమ్మ గారికి ఫోనులో చెప్పాను, "విమానం లేదని మా అమ్మాయి వద్దంటోందండి" అని.  ఆవిడ, "మావాడికి మోటారు సైకిలుందండి. విమానాలు మా ఇంటా వంటా లేవు. అన్ని కోరికలున్న పిల్లను మేం ఏలుకోలేం" అని పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తడం లేదు. చర్చిలో ఆడవాళ్లు, హెలికాప్టరైతే మీ అమ్మాయికి సరిపోతుందా అని నన్ను అడుగుతున్నారు. అబ్బాయి నీతో ఎదురుగానే తేల్చుకుంటానని బయల్దేరాడట.

తలెత్తుకోలేని
పిన్ని

తా.క.: వద్దని చెప్పడానికి వస్తున్నా సరే, అన్నం పెట్టి పంపు. పెనుగొలనులో మనకు చుట్టాలున్నారు.

జీరో

పిన్నికి ప్రేమతో,

నీ ఉత్తరం కంటే మనిషే ముందొచ్చాడు. మోకాళ్ల దాకా బురద. గుమ్మంలో నిలబడి, "నాకు విమానం లేదండి" అన్నాడు.

"ఏ విమానం?" అన్నాను.

"మీరడిగిందేనండి."

జరిగిందంతా ఆయన చెబితే నవ్వాపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు. "మా అమ్మ ఏడ్చిందండి" అన్నాడు. అప్పుడు సిగ్గేసింది. కూర్చోబెట్టి నేను రాసిందేమిటో చెప్పాను. అంతా విని, "అయితే మీరు వద్దన్నది దూరాన్ని, నన్ను కాదు గదండీ" అన్నాడు. నేను లేచి అన్నం వడ్డించాను.

మర్నాడు వెళ్దామనుకుంటే కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. మా హెడ్మాస్టరు గారింట్లో ఉన్నాడు. సాయంత్రం పప్పుచారు కాచి పంపుతాడు. ఉప్పు ఎక్కువే గాని, మనవైపు పప్పుచారు తిని ఏడాదైంది పిన్నీ.

నేను తేజుకు బదిలీ అడిగాను. జోజమ్మ గారికి ముందు క్షమాపణ చెప్పి, తర్వాత ఈ మాట చెప్పు.

నీ హెప్సిబా

తా.క.: రోడ్డు తెరిచి నాలుగు రోజులైంది. ఇంకా తడిగానే ఉందంటున్నాడు. పొద్దున నేను వెళ్లి చూశాను, దుమ్ము లేస్తోంది. తిరిగొచ్చి, అవునండి, తడిగానే ఉందన్నాను.