ఓడకు తెరచాప

చౌడమ్మా, కంటి ఆపరేషన్ బాగా జరిగింది, దిగులు పడకు. నిన్న కట్టు విప్పారు. ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో వేలూరు కోట ఎదుటి అంగడిలో మన సుజిత చెక్క ఓడ ఒకటి చూపి, ఇంట్లో టీవీ పక్కన పెడదామంది. సముద్రం లేని మన గుడియాత్తంలో ఓడెందుకని అనబోతూ, అలవాటు కొద్దీ తెరచాప గుడ్డను వేళ్లతో పట్టి చూశాను.

"పడుగులో పోగొకటి తెగిండాది, సుజితా!"

"నాయనా! పోగు కనపడతా ఉండాదా నీకు?" అంటూ అంగట్లోనే గంతేసింది మన బిడ్డ.

ఇంక వద్దనడానికి నోరు రాలేదు, ఓడ కొన్నాం. మేకపిల్ల మేత తింటోందా? పక్కింటి పచ్చయమ్మను అడిగానని చెప్పు. చూపు మందగించాక మూలపడిన నా మగ్గానికి దుమ్ము దులిపించు. డాక్టరమ్మ నెల ఆగమంది. ఆ పిదప ఓడకు తెరచాప నేనే నేస్తాను.

చల్లగా ఉండు.
నీ వరదప్ప