బొమ్మల అట్ట

అక్కకి,

మొన్న ఫోనులో "గొంతు అలా ఉందేమే?" అంటే జలుబన్నాను. జలుబూ లేదు, పాడూ లేదు. సిగ్గు. మొహం చూసి చెప్పలేక రాస్తున్నాను.

మా ఆసుపత్రికి ఒక టైలరమ్మ వచ్చేది. పక్షవాతంతో మాటా, కుడిచెయ్యీ పడిపోయాయి. అలాంటివాళ్ళకి మాట నేర్పేలోగా మేం బొమ్మల అట్ట చేసిస్తాం. కావలసిన బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తారు. ఏ బొమ్మలుండాలో ఆమెకే ఒక్కొక్కటీ చూపించి, ఓపిగ్గా కనుక్కోవాలి. నాకా ఓపిక ఏది? ఆమె కొడుకుని అడిగాను. "నీళ్ళు, అన్నం, బాత్రూం, మందు, నొప్పి. అమ్మకి ఇంకేం కావాలండీ?" అన్నాడు. నిజమే కదా అని అయిదూ అతికించి చేతులు దులిపేసుకున్నాను.

నెల తర్వాత, మాట అర్థమవుతోందో లేదో పరీక్ష పెట్టిన రోజు, నా ముందే అతను "అమ్మా, కొట్టు మూసేసి వృద్ధుల హోములో చేరతావా?" అని అడిగాడు. ఆమె ఎడంచేత్తో అట్టని తోసేసింది. మళ్ళీ అడిగితే కిందపడేసింది. నేను మహా తెలిసినదానిలా "చెప్పింది అర్థం కావడం లేదు" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం చూపించే ఆమెని హోములో చేర్చారు.

పోయినవారం రిటైరైన ఒక బస్సు కండక్టరుకి అలాంటి అట్టే ఇచ్చాను. వాళ్ళావిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో వద్దు అనడానికి బొమ్మేదమ్మా? ఈయన రోజంతా అనేది ఆ ఒక్క మాటే" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

టైలరమ్మ సంగతి పెద్ద డాక్టరుగారికి చెప్పాను. "ఇప్పుడు కదిపితే మన సంతకానికి విలువేం ఉంటుంది? ఊరుకోండి" అన్నారు. కానీ ఊరుకోలేనక్కా. రేపు హోముకి వెళ్తున్నాను.

నీ చెల్లి

అక్కా,

వెళ్ళాను. కొత్త అట్ట పట్టుకెళ్ళాను. పైవరసలోనే "కావాలి", "వద్దు" పెట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని సైగ చెయ్యలేదు.

"ఇక్కడ ఉంటారా?" అన్నాను. వద్దు. "కొట్టు తెరవాలా?" కావాలి. ప్రశ్నలు తిరగేసి అడిగాను, అట్ట తిప్పి పెట్టి అడిగాను. ఒక్కసారి కూడా తడబడలేదు. పక్కనున్న నర్సు నోరు తెరుచుకుని చూస్తోంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇకనుంచి ప్రతివారం నేనే వచ్చి మాట నేర్పిస్తానండీ" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. వేలు "వద్దు" మీద పెట్టింది. పొరపాటేమో అని మళ్ళీ అడిగాను, నా బుద్ధి చూడు. ఈసారి అరచెయ్యంతా దానిమీదే పెట్టింది. నర్సు మొహం తిప్పుకుంది. క్షమించమని అడుగుదామనుకుని వెళ్ళినదాన్ని, అట్ట ఆమె దగ్గరే పెట్టి వచ్చేశాను.

మర్నాడు కొత్త రిపోర్టు రాశాను. డాక్టరుగారు సంతకం పెట్టనన్నారు. నా ఒక్కదాని సంతకంతోనే హోముకీ, కొడుక్కీ, మా పై ఆఫీసుకీ పంపాను. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. చివర్లో ఇలా రాశాను:

"ఈమెకు అన్నీ అర్థమవుతున్నాయి. తన సంగతి తనే తేల్చుకోగలరు. మొదటి రిపోర్టులో తప్పు నాది. వేరే థెరపిస్టుని పంపగలరు. నన్ను వద్దన్నారు."

నీ చెల్లి