అమ్మ ప్రార్థనకు ఆమెన్ చాలదు

గ్లోరీ, మన ఇంట్ల అమ్మ మొఖం చూసి ‘నీకేం గావాలె’ అని ఎవరన్న ఎప్పుడన్న అడిగినరా? కొల్లాపూర్ల సువార్త కూటాలు మంచిగ సాగుతున్నయి, నా గురించి ఫికర్ చెయ్యకు.

మనోళ్లు ఒకరికొకరు చెప్పుకోరు, అన్నీ సాయంత్రం ప్రార్థనల దేవునికే చెప్తరు. ‘ప్రభువా, పప్పుల ఉప్పు తక్కువైంది, ఈమెకు జ్ఞానమియ్యి’ అని బాపు. ‘తండ్రీ, ఉప్పు డబ్బ ఆయన మోకాలి పక్కనే ఉన్నది’ అని అమ్మ. నేను బయలెల్లే ముందటి సాయంత్రం బాపు అన్నంల రాళ్ల గురించి మొరపెట్టిండు. ‘తండ్రీ, నా కండ్లకు మబ్బు కమ్మింది, రాయేదో గింజేదో ఆనవడ్తలేదు’ అన్నది అమ్మ. బాపుకు మంచి జవాబిచ్చిందని నవ్వుకుంట అందరం ఆమెన్ అన్నం.

నిన్న బైబిల్ల యెరికో దారిల గుడ్డివాని సంగతి బోధిస్తుంటే అమ్మ మాట యాదికొచ్చింది. ప్రభువుకు అన్నీ తెలుసు. అయినా నిలబడి, ఏం గావాలెనని వాణ్నే అడిగిండు. మనం ఆమెన్ అని అన్నం తిన్నం.

మేక ఈనిందా? నా తెల్లంగి ఉతికి పెట్టు. ఫోన్ చేస్తే బాపు స్పీకర్ పెడ్తడు, అమ్మ ‘ఏం లేదు బిడ్డా’ అంటది, అందుకే కార్డు రాస్తున్న. బాపుకు వందనాలు, నీకు దేవుని కాపుదల.

నీ అన్న, దేవదానం

కార్డు చదివినంక అమ్మ ముందల కూసోని అడుగు, మోత్కూర్ల కండ్ల డాక్టరు దగ్గరికి తోల్కపో. సాయంత్రం ప్రార్థన దాక ఆగకు, ఇయ్యాల్నే పో.