ఓవెన్ బాగుచేసిన చెయ్యి

1996 డిసెంబరు 23, సోమవారం రాత్రి

మా వీధిలో క్రిస్మస్ కేకులన్నీ మా గ్యాస్ ఓవెన్‌లోనే కాలాలి. అది వారం నుంచి మీట నొక్కితే టిక్కుమంటోంది గానీ అంటుకోవడం లేదు. అగ్గిపుల్ల పెట్టబోయి చెయ్యి కాల్చుకున్నాను. మా ఆయన నిన్న బర్నర్ తోమేసి, బాగైపోయిందని వీధంతా చెప్పేశారు. లోపం అది కాదన్నాను. "స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లు నడిపేవోడికి నువ్వు సెప్తావేటి?" అన్నారు.

పొద్దున్నే పిండి గిన్నెలు వచ్చిపడ్డాయి. ఆయన డ్యూటీకి వెళ్ళాక గ్యాస్ కట్టేసి, వంటింట్లో చీకటి చేసి మీట నొక్కాను. రవ్వ పుట్టించే ఇగ్నైటర్ పింగాణీ పగిలి, నిప్పురవ్వ బర్నర్ దగ్గర కాక పక్క రేకు మీదికి దూకుతోంది. పవర్ హౌస్ బజారులో హిందీవాళ్ళ కొట్టుకి పోయి కొత్తది అడిగితే, కొట్టువాడు "దీదీ, భయ్యా కో భేజో" అన్నాడు, మగవాణ్ణి పంపమని. తెచ్చి నేనే బిగించాను. నొక్కగానే అంటుకుంది.

ఆయన రాగానే ఆ సంగతి చెప్పాను. అయినా సాయంత్రం పక్కింటి సరోజ వదిన కేకు తీసుకుంటూ, "అన్నయ్య సెయ్యి పడితే సాలు" అంటే, ఆయన "ఏటుందమ్మా, కాస్త మసి పట్టిందంతే" అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

రేపు ప్లాంటులో తోటివాళ్ళకి పంచడానికి తన క్యారియర్‌లో కేకు ముక్కలు పెట్టమన్నారు. పెట్టాను. వాటి మీద పగిలిన ఇగ్నైటర్ కూడా పెట్టి, క్యారియర్ మూత నేనే బిగించాను.